వాసెన నుండి మూత వరకు: పలమనేరు ప్రాంత నిల్వ సంప్రదాయంలో ఖాళీ సీసా – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అంగడిలో కొన్న ఆహారపదార్థం అయిపోయిన తరువాత దాని సీసాను కడిగి, ఎండబెట్టి, ఊరగాయకు వాడుకోవడం తెలుగు ఇళ్ళలో తరతరాల అలవాటు. ఈ అలవాటు ఇంతకాలం ప్రమాదరహితంగా సాగడానికి కారణం సీసా గట్టితనం కాదని, ఊరగాయ పద్ధతిలో నిల్వ భారం పాత్రమీద కాక పదార్థంమీద ఉండడమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గాలి చొరకుండా మూతవేసి వేడితో నిల్వచేసే ఆధునిక పద్ధతిలో ఆ భారం పాత్రకు, మూతకు, వేడికి మారుతుంది. ఈ మార్పును గమనించకుండా పాత అలవాటును కొత్త పద్ధతికి తీసుకుపోతే కలిగే ప్రమాదాన్ని పలమనేరు ప్రాంతపు పదజాలం, వస్తుసంస్కృతి, టమాటా సేద్యం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఊరగాయ, వాసెన, జాడీ, సీసా, పలమనేరు, టమాటా, గృహనిల్వ, ఆమ్లత.

1. ఉపోద్ఘాతం:
చిత్తూరు జిల్లా పడమటి భాగంలో, మద్రాసు–బెంగళూరు రహదారి మీద ఉన్న పట్టణం పలమనేరు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఇది మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. ఒక పక్క కన్నడసీమ, మరొక పక్క తమిళనాడు దగ్గరగా ఉండడంవల్ల ఇక్కడి తెలుగులో ఆ రెండు భాషల మాటలు సహజంగా కలిసిపోయాయి. ఊరు సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన ఎత్తులో ఉంది. చుట్టుపక్కల నేలలో మామిడి, చింత, టమాటా పండుతాయి. పట్టణం మట్టిపనికి, ముఖ్యంగా కాల్చిన మట్టిబొమ్మలకు పేరుపొందింది.

ఆహారనిల్వ చరిత్రకు ఈ నాలుగు అంశాలూ ముఖ్యమే. మూడు భాషల కూడలి కాబట్టి నిల్వకు సంబంధించిన పదాలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. మట్టిపని ఉంది కాబట్టి పాత్ర గుణాన్ని గురించి మాట్లాడవచ్చు. టమాటా ఉంది కాబట్టి పాత, కొత్త పద్ధతులు కలిసే చోటు కనబడుతుంది. ఊరి ఎత్తుకూ ఈ విషయంలో పాత్ర ఉంది. అది ఆరవ భాగంలో తెలుస్తుంది.

ఊరగాయల రుచి గురించి, వాటి సాహిత్య ప్రస్తావనల గురించి తెలుగులో రచనలు వచ్చాయి. వాటిని నిల్వచేసిన పాత్ర చరిత్ర మీద, ముఖ్యంగా అంగడి నుంచి వచ్చిన ఖాళీ సీసా మీద అంతగా దృష్టి పడలేదు. వంటింటి అలమరలో అతి మామూలుగా కనిపించే ఈ వస్తువు, ఒక సమాజం తన ఆహారాన్ని ఏ నమ్మకంతో దాచుకున్నదో చెప్పగల సాక్ష్యం.

2. పదాలు చెప్పే చరిత్ర:
తెలుగులో ‘ఊరగాయ’ అంటే ఊరిన కాయ, ఊరవేసిన కాయ. తమిళంలోని ‘ఊరుగాయ్’ నిర్మాణమూ అదే. కన్నడంలో ‘ఉప్పినకాయి’ అంటారు, అంటే ఉప్పుకాయ. తెలుగులోనే ‘నిలవ పచ్చడి’ అనే మరొక మాట ఉంది. మొదటి రెండు పదాలు ప్రక్రియను చెబుతాయి, మూడవది అందుకు తోడ్పడే ద్రవ్యాన్ని చెబుతుంది, నాలుగవది ఫలితమైన కాలవ్యవధిని చెబుతుంది. పలమనేరు సంతలో ఈ నాలుగు మాటలూ వినిపించే అవకాశం ఉంది. వీటిలో ఏ ఒక్కటీ పాత్ర పేరుమీద ఏర్పడలేదు.

ఇదే వర్గంలోని ‘వరుగు’, ‘వడియం’, ‘అప్పడం’, ‘ఒరుగు మిరపకాయ’ మొదలైన మాటలూ పదార్థం స్థితినో రూపాన్నో సూచించేవే. ఎండబెట్టడం, ఊరబెట్టడం, ఉప్పువేయడం, పులియబెట్టడం అనే క్రియలచుట్టూ తెలుగు నిల్వ పదజాలం అల్లుకుంది.

ఇంగ్లీషులో ఇదే పనికి వాడే ‘క్యానింగ్’ అనే మాట రేకు డబ్బా పేరు నుంచి వచ్చింది. గాజు సీసాలో నిల్వచేసినా అమెరికాలో దాన్ని అదే మాటతో పిలుస్తారు. బ్రిటన్‌లో ‘బాట్లింగ్’ అన్న మాట వాడారు. అదీ పాత్ర పేరే. ఈ ప్రక్రియకు తెలుగులో నేటికీ స్థిరపడిన దేశీయ పదం లేదు. ‘డబ్బాలో నిల్వ’, ‘సీసాలో భద్రపరచడం’ వంటి వివరణలతో సరిపెట్టుకుంటున్నాము. దీన్ని భాషలోని లోపంగా చూడవలసిన పనిలేదు. పాత్ర ప్రధానమైన నిల్వపద్ధతి తెలుగు ఇంటి అనుభవంలో లేకపోవడం వల్ల దానికి పేరు పుట్టలేదు.

ఈ పదపరిశీలన నుంచి వ్యాసానికి ఆధారమైన భేదం తేలుతుంది. ఒక సంప్రదాయంలో ఆహారాన్ని కాపాడేది ఆహారంలో చేరిన మార్పు. మరొక సంప్రదాయంలో ఆహారాన్ని కాపాడేది దానిచుట్టూ ఉన్న పాత్ర.

3. కుండ, జాడీ, వాసెన:
శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనాన్ని ఋతువులవారీగా వర్ణించాడు. వానకాలపు భోజనంలో వరుగులు, వడియాలు ఉన్నాయి. చలికాలపు భోజనంలో ఆవపెట్టిన పచ్చళ్ళు, ఊరగాయలు ఉన్నాయి. తాజా కూర దొరకడం కష్టమైన వానల్లో ఎండబెట్టిన పదార్థం, ఆ తరువాత ఊరబెట్టిన పదార్థం వడ్డనలోకి రావడం నిల్వజ్ఞానపు క్రమాన్ని సూచిస్తుంది. మిరపకాయ ఇంకా ఇక్కడి వంటలో స్థిరపడని కాలమది. కారానికి మిరియం, ఘాటుకు ఆవ వాడారు. తరువాతి శతాబ్దాలలో మిరపకాయ వచ్చి చేరినా పద్ధతి మూలసూత్రం మారలేదు.

ఈ నిల్వకు పాత్ర ఏది? ఎర్రమట్టితో చేసి కాల్చిన కుండకు సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. నీటికుండ చల్లగా ఉండడానికి కారణం వాటిగుండా నీరు బయటికి ఊరి ఆవిరి కావడమే. నీటి విషయంలో గుణమైన ఈ లక్షణం ఊరగాయకు దోషం. ఉప్పునీరు, పులుపు, నూనె మట్టిలోకి ఇంకుతాయి. పైన ఉప్పు పొరలు కడుతుంది. అందువల్ల పలమనేరు వంటి మట్టిపని కేంద్రంలోనూ కుండ ధాన్యానికి, పప్పుకు, నీటికి పనికివచ్చినంతగా ఏడాది ఊరగాయకు పనికిరాదు. ఆ అవసరాన్ని తీర్చింది పైన గాజులాంటి పూత కరిగించి కాల్చిన పింగాణీ జాడీ.

‘జాడీ’ దక్షిణ భాషల ఉమ్మడి మాట. తమిళంలో ‘చాడి’ ఉంది. ఉత్తరాదిన ఇదే పాత్రకున్న ‘మర్తబాన్’ అనే పేరు బర్మాలోని మర్తబాన్ రేవు నుంచి వచ్చింది. ఆ రేవు మీదుగా పూతజాడీలు హిందూమహాసముద్ర తీరాలకు చేరేవి. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఓడప్రయాణానికి ఉప్పువేసి సిద్ధంచేసిన అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలతో నింపిన మర్తబాన్ జాడీలను తాను కానుకగా అందుకున్నట్లు చెప్పాడు. జాడీ ఓడమీద ఎగిరిపడినా లోపలి పదార్థం చెడకపోవడానికి కారణం ఉప్పు. జాడీ చేసిన పని కారకుండా పట్టి ఉంచడం మాత్రమే.

ఈ విషయాన్ని మరింత స్పష్టంగా చెప్పే మాట ‘వాసెన’. కుండ మూతికి, జాడీ మూతికి కట్టే గుడ్డను వాసెన అంటారు. కుండలో నీరు మరిగించి, మూతికి వాసెన కట్టి, ఆ గుడ్డమీద పిండిని ఉడికించే వంటలూ తెలుగువారికి ఉన్నాయి. అంటే వాసెనలోంచి ఆవిరి బయటికి వస్తుందని ఆ మాట వాడినవారందరికీ తెలుసు. అదే గుడ్డను ఊరగాయ జాడీకి కట్టారు. దుమ్ము, చీమ, ఈగ చొరకుండా ఆపడం దాని పని. గాలిని ఆపడం దాని పని కాదు. గాలి చొరబడే మూతతో ఏడాది నిలిచే పదార్థాన్ని తయారుచేయగలగడమే ఊరగాయ పద్ధతి సాధించిన విజయం.

ఆ విజయానికి ఇంటి స్త్రీలు పాటించిన నియమాలు ఆధారం. కాయను కడిగి తడిలేకుండా తుడవాలి. ఉప్పు తగ్గకూడదు. జాడీని ఎండలో పెట్టాలి. తడిచేయి, తడిగరిటె తగలకూడదు. ముక్కపైన నూనె తేలాలి. సూక్ష్మజీవులకు అందే నీటిని తగ్గించడం, ఆమ్లతను పెంచడం, పైపొరలో బూజుకు గాలి అందకుండా చేయడం అని నేటి ఆహారశాస్త్రం ఈ నియమాలకు అర్థం చెబుతుంది. అయితే ఈ నియమాలతోపాటే నెలసరి రోజుల్లో స్త్రీ ఊరగాయను తాకరాదన్న నిషేధమూ నడిచింది. మొదటివాటికి పదార్థ స్వభావంలో కారణం ఉంది. రెండవదానికి అటువంటి కారణం లేదు. అది అంటరానితనపు ఆలోచన వంటింట్లో తీసుకున్న ఒక రూపం. సంప్రదాయజ్ఞానాన్ని పరిశోధించేవారు ఈ రెండింటినీ ఒకే మూటగా మెచ్చుకోకూడదు, ఒకే మూటగా తోసిపుచ్చకూడదు.

4. అంగడి సీసా ఇంటికి చేరడం:
‘సీసా’ అనే మాట పారసీకంలోని ‘శీషా’ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. మొదట అత్తరుకు, మందుకు, నూనెకు పరిమితమైన గాజుపాత్ర 20వ శతాబ్దంలో ఆహారపదార్థాలతో మధ్యతరగతి ఇళ్ళలోకి ప్రవేశించింది. 1873లో హార్లిక్ సోదరులు అమెరికాలో ప్రారంభించిన మాల్టుపొడి బ్రిటిష్ భారత సైన్యం ద్వారా ఇక్కడ పరిచయమైంది. 1960లో పంజాబులోని నాభాలో దాని ఉత్పత్తి మొదలైంది. తరువాత రాజమండ్రి దగ్గర ధవళేశ్వరం ప్రాంతంలోనూ కర్మాగారం వచ్చింది. బోర్న్‌విటా 1948లో భారతదేశానికి వచ్చింది. జాం, కాఫీపొడి, సాస్ సీసాలు వీటికి తోడయ్యాయి. 1937లో వచ్చిన డాల్డా రేకుడబ్బా అప్పటికే పప్పులడబ్బాగా, తులసిమొక్క తొట్టిగా రెండవ జన్మ ఎత్తింది.

వీటిలో హార్లిక్స్ సీసాకు దక్కిన స్థానం వేరు. మూతి వెడల్పు, కాబట్టి గరిటె పోతుంది, కడగడం సులువు. గాజు ఉప్పుకు, పులుపుకు చెక్కుచెదరదు. లోపలున్నది బయటికి కనబడుతుంది. జాడీకన్నా తేలిక. పెద్దజాడీలో ఏడాది ఊరగాయ, వాడకానికి తీసిన కొంత సీసాలో – ఇలా పని విభజన ఏర్పడింది. పెద్దజాడీని మాటిమాటికి తెరవనవసరం లేకపోవడంతో తడి తగిలే అవకాశమూ తగ్గింది. ఉమ్మడి కుటుంబం చిన్నదై ఊరగాయ పరిమాణం తగ్గేకొద్దీ కొన్ని ఇళ్ళలో సీసాయే జాడీ అయింది. కూతురు అత్తవారింటికి, కొడుకు హాస్టలుకు వెళ్ళేటప్పుడు పెట్టెలో ఊరగాయ ప్రయాణించింది కూడా ఈ సీసాలోనే.

ఈ మార్పులో గమనించవలసింది ఒకటి ఉంది. వాసెన స్థానంలోకి మర మూత వచ్చింది. మూత బిగుసుకున్నా, వదులైనా, దాని లోపలి అట్ట ఊడిపోయినా ఊరగాయ చెడలేదు. ఎందుకంటే ఆ మూత నుంచి ఎవరూ వాసెనకన్నా ఎక్కువ పని ఆశించలేదు. కొత్త పాత్రను పాత పద్ధతి తన షరతులమీద స్వీకరించింది. ఖాళీ సీసా పునర్వినియోగం సురక్షితంగా సాగిన చరిత్రకు కీలకం ఇదే.

5. పాత్రే ఆధారమైన పద్ధతి: అపెర్ నుంచి మేసన్ దాకా:
పాత్రను ప్రధానం చేసుకున్న నిల్వపద్ధతి యూరప్‌లో పుట్టింది.  1810లో ఫ్రెంచి ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకులు అందుకున్న నికొలా అపెర్ ఆహారాన్ని గాజుసీసాలో నింపి, బిరడా బిగించి, మరిగే నీటిలో ఉంచాడు. ఆయన తొలి ప్రయోగాలకు వాడినవి గట్టిగాజుతో చేసిన షాంపేన్ సీసాలు. ఒక పనికి తయారైన సీసాను మరొక పనికి వాడుకోవడంతోనే ఈ విధానమూ మొదలైందన్నమాట. అయితే ఇరుకుమూతి అడ్డువచ్చి ఆయన త్వరలోనే వెడల్పుమూతి సీసాలను ప్రత్యేకంగా చేయించుకోవలసి వచ్చింది. ఈ పద్ధతిలో సీసా ఏదైనా ఫరవాలేదు అనే మాట చెల్లదని దాని మూలపురుషుడి అనుభవమే చెబుతుంది.

1858 నవంబరు 30న అమెరికాలో జాన్ ల్యాండిస్ మేసన్ మరమూతి గాజుసీసాకు పేటెంటు పొందాడు. 20వ శతాబ్దంలో రబ్బరువంటి పూతగల పలుచని లోహపుబిళ్ళ, దాన్ని పట్టి ఉంచే మరవలయం కలిసిన రెండుభాగాల మూత వచ్చింది. వేడికి లోపలి గాలి బయటికి పోతుంది; చల్లారినప్పుడు బిళ్ళ లోపలికి పీల్చుకుని సీసా అంచుకు అతుక్కుంటుంది. ఆ పూత ఒక్కసారి అతుకుకే ఉద్దేశించింది. అందుకే సీసాను, వలయాన్ని మళ్ళీ వాడవచ్చు గాని బిళ్ళను ప్రతిసారి కొత్తది వేయాలి.

గాలి చొరని సీసాలో మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. 1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ గ్రామంలో నిల్వచేసిన పందిమాంసం తిన్నవారు పక్షవాత లక్షణాలతో జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. ఆ ఘటనను పరిశోధించిన ఎమిల్ వాన్ ఎర్మెంజెం నేడు క్లాస్ట్రిడియం బొటులినం అని పిలిచే సూక్ష్మజీవిని గుర్తించాడు. దాని సిద్ధబీజాలు మట్టిలో ఉంటాయి. మరిగే నీటి వేడికి చావవు. గాలిలేని, తేమగల, పులుపు తక్కువైన ఆహారం దొరికితే మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషానికి వాసన, రంగు ఉండకపోవచ్చు. పులుపును కొలిచే పి.హెచ్. మానంలో 4.6 కన్నా పైనున్న ఆహారం ఈ ప్రమాదానికి లోనవుతుంది. అందువల్లనే 1917లో అమెరికా వ్యవసాయశాఖ పులుపు తక్కువైన కూరగాయలను ఆవిరిపీడనంతో, నీటి మరుగుస్థానాన్ని దాటిన వేడిలోనే నిల్వచేయాలని నిర్దేశించింది.

తెలుగు పాఠకులు దీన్ని ఊరగాయతో పోల్చిచూస్తే భేదం తేటపడుతుంది. ఊరగాయలో నూనె కింద గాలి ఉండదు. అయినా ఉప్పు, పులుపు ఆ జీవిని మొలవనివ్వవు. నూనె ఒక్కటే రక్షణ అని అనుకోవడం పొరపాటు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఆమ్లం చేర్చకుండా నూనెలో నిల్వచేసిన వెల్లుల్లి తిని 36 మంది బొటులిజం బారిన పడ్డారు. వెల్లుల్లి, నూనె ఆంధ్రుల ఊరగాయలోనూ ఉన్నాయి. తేడా ఉప్పులో, పులుపులో ఉంది.

6. టమాటా: రెండు పద్ధతులు కలిసే చోటు:
పలమనేరు, పూర్వపు చిత్తూరు జిల్లాలో భాగమైన మదనపల్లె, వి.కోట ప్రాంతాలు టమాటాకు ప్రసిద్ధం. తమిళ సరిహద్దున ‘తక్కాళి’ అనే మాటా వినబడుతుంది. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ పండు ఇక్కడి పొలాలకు ఆలస్యంగా వచ్చి, వేగంగా ప్రధానమైన వాణిజ్యపంట అయింది. దాని ధర నిలకడలేనిది. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటింది; ఇతర సందర్భాల్లో కోతకూలి రాక రైతులు పంటను రోడ్డు పక్కన పారబోశారు. ధర పడిపోయిన రోజుల్లో పండును ఏడాదికి దాచుకోవాలన్న కోరిక రైతు ఇంట్లో పుట్టడం సహజం.

ఆ కోరికకు సంప్రదాయం ఇచ్చిన సమాధానం టమాటా నిలవ పచ్చడి. ముక్కలకు ఉప్పువేసి ఊరబెట్టి, ఎండలో ఆరబెట్టి, చింతపండు చేర్చి, కారం, మెంతిపిండి, పోపుతో కలుపుతారు. ఈ తయారీలో చింతపండు స్థానం ఆలోచించదగినది. టమాటా స్వతహాగా పుల్లనిదే కదా, మళ్ళీ చింతపండు ఎందుకు? రుచి కోసమని సమాధానం వస్తుంది. అయితే టమాటా పి.హెచ్. రకాన్నిబట్టి, పక్వాన్నిబట్టి మారుతుంది. కొన్ని పండ్లు 4.6 గీతకు కిందికి, మరికొన్ని పైకి వస్తాయి. ఆ గీతమీద నిలబడిన పండుకు ఆంధ్ర గృహిణి చింతపండు పులుపును, ఉప్పును, ఎండను జతచేసింది.

అమెరికా వ్యవసాయశాఖ 1988లో వెలువరించిన గృహనిల్వ మార్గదర్శినిలో టమాటాకు చెప్పిన జాగ్రత్త ఇదే దిశలో ఉంది. సుమారు 950 మిల్లీలీటర్లు పట్టే సీసాకు రెండు పెద్దచెంచాల సీసా నిమ్మరసంగాని, అరచెంచా నిమ్మ ఉప్పుగాని చేర్చాలి. తాజా నిమ్మకాయ పులుపు కాయకాయకు మారుతుంది కాబట్టి స్థిరమైన ఆమ్లతగల సీసా రసం కావాలంటారు. ఖండాంతరాలలో, వేర్వేరు జ్ఞానమార్గాలలో రెండు సమాజాలు ఒకే పండుకు ఒకే లోటును గుర్తించాయి. ఒకరు దాన్ని నాలుకతో గుర్తించారు, మరొకరు కొలమానంతో.

అయినా ఒకదాని బదులు మరొకటి వాడడానికి వీలులేదు. పచ్చడిలో చింతపండుతోపాటు ఉప్పు, ఎండ కూడా పనిచేస్తాయి. టమాటా గుజ్జును సీసాలో పోసి మూతవేసినప్పుడు ఆ రెండూ ఉండవు. కంటి అంచనాతో వేసిన చింతపండు మాత్రమే అక్కడ చాలుతుందని చెప్పడానికి పరీక్షించిన కొలత లేదు.

పలమనేరు ఎత్తు ప్రస్తావన ఇక్కడ అవసరమవుతుంది. రెండువేల అడుగులకు పైన నీరు 100 డిగ్రీలకు బదులు 98 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. ఆ మార్గదర్శిని ప్రకారం నలిపిన టమాటా నింపిన పెద్దసీసాను వెయ్యి అడుగుల లోపు ప్రాంతంలో 45 నిమిషాలు మరిగించాలి. వెయ్యి నుంచి మూడువేల అడుగుల మధ్య 50 నిమిషాలు మరిగించాలి. సముద్రతీరాన ఉన్నవారు రాసిన కొలతను పలమనేరులో యథాతథంగా అనుసరిస్తే ఐదు నిమిషాల లోటు మిగులుతుంది. ఊరగాయ పద్ధతికి ఊరి ఎత్తుతో సంబంధం లేదు; ఈ పద్ధతికి ఉంది.

7. ఖాళీ సీసా పరిమితులు:
పై చర్చ వెలుగులో అంగడి సీసాను వేడినిల్వకు వాడవచ్చునా అన్న ప్రశ్నకు నిర్దిష్టమైన సమాధానం దొరుకుతుంది.

గాజు విషయం మొదటిది. కర్మాగారంలో ఒక్కసారి నింపడానికి చేసిన సీసా గాజు సాధారణంగా పలుచన. ఊరగాయ గరిటె, చెంచా గీతలు లోపల కంటికి కనబడని బలహీనతను మిగులుస్తాయి. ఎండలో వేడెక్కే ఊరగాయకు ఆ గీతలు అడ్డుకావు. మరిగే నీటిలో అవే పగులుకు దారితీస్తాయి. వేడిసీసాలో చల్లని పదార్థం, చల్లనిసీసాలో వేడిపదార్థం పోయడం ఈ ప్రమాదాన్ని పెంచుతుంది.

రెండవది మూతి. కొత్త రెండుభాగాల మూత సరిగ్గా అమరే మయొనైజ్ వంటి సీసాలను పుల్లని పదార్థాలకు, మరిగేనీటి పద్ధతికి మాత్రమే వాడవచ్చని, అప్పుడూ పగుళ్ళు, అతుకు వైఫల్యాలు ఎక్కువగా ఉంటాయని అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి. ఆవిరిపీడన పద్ధతికి వాటిని సిఫారసు చేయవు. మనకు దొరికే జాం, సాస్ సీసాలలో చాలావాటి మూతిచుట్టూ పూర్తి మర ఉండదు. మూత కొక్కేలు పట్టుకునే చిన్న మెట్లు మాత్రం ఉంటాయి. వాటికి ఆ మూత అమరదు.

మూడవది పాతమూత. దాని లోపలి పూత కర్మాగారపు ఆవిరిలో ఒకసారి అతుక్కుని ఊడినది. మళ్ళీ బిగించినప్పుడు టక్కుమన్న శబ్దం వచ్చినా ఆ అతుకు నెలలపాటు నిలుస్తుందన్న హామీ లేదు. ఇక ప్లాస్టిక్ సీసా వేడికి వంగిపోతుంది. అది ఈ పనికి పూర్తిగా తగదు.

నాలుగవది కుక్కరు. ఇంట్లో అన్నం వండే చిన్న ప్రెషర్ కుక్కరు వేగంగా వేడెక్కి వేగంగా చల్లారుతుంది. నిల్వసీసాల కోసం పరీక్షించిన సమయాలు పెద్ద పాత్రలో నెమ్మదిగా జరిగే వేడి, చల్లదనాలను కూడా లెక్కలోకి తీసుకున్నవి. అందువల్ల ఒకదాని లెక్క మరొకదానికి వర్తించదు. చిక్కుడు, బీన్స్, పప్పు, మాంసం వంటి పులుపు తక్కువైన పదార్థాలను ఇంటి కుక్కరులో సీసాలకెత్తే ప్రయత్నం ప్రాణాపాయకరం.

అయితే ఖాళీ సీసాకు విలువ లేదని దీని అర్థం కాదు. ఉప్పు, పులుపు సరిపోయిన ఊరగాయకు, వరుగులకు, పప్పుదినుసులకు, పొడులకు, కొద్దిరోజుల్లో వాడే ఫ్రిజ్ పదార్థాలకు అది నేటికీ తగినదే.

8. పరిశ్రమ, చట్టం:
చిత్తూరు, తిరుపతి జిల్లాలలో తోతాపురి మామిడిగుజ్జు పరిశ్రమ పెద్దది. బెంగళూరా అని కూడా పిలిచే ఈ కాయ నుంచి తీసిన గుజ్జును 3.1 కిలోల రేకు డబ్బాలలో, క్రిమిరహితమైన సంచులుగల పెద్దపీపాలలో నింపి ఎగుమతి చేస్తారు. పాత్ర ఆధారమైన నిల్వ ఈ నేలకు కొత్త కాదు. అది కర్మాగారం గోడల లోపల కొలతలతో, తనిఖీలతో సాగుతోంది. ఇంటి గోడల లోపల ఊరగాయ జ్ఞానం సాగుతోంది. రెండింటి మధ్య వారధి బలహీనం.

1955 నాటి ఫ్రూట్ ప్రొడక్ట్స్ ఆర్డరు పండ్ల ఉత్పత్తులకు లైసెన్సు విధానాన్ని స్థిరపరచింది. ఆ స్థానంలోకి 2006 ఆహారభద్రతా చట్టం వచ్చింది. 2018 ప్యాకేజింగ్ నిబంధనలు ఒకసారి వాడిన రేకు డబ్బాను ఆహారానికి మళ్ళీ వాడరాదన్నాయి. మళ్ళీ వాడే గాజుసీసాలు దృఢంగా, కడిగి శుద్ధిచేయడానికి అనువుగా ఉండాలన్నాయి. గాజుకు రెండవ జన్మ ఉండవచ్చునని చట్టమూ ఒప్పుకుంది, కాని షరతుతో. స్వయంసహాయక సంఘాల స్త్రీలు ఇంటి ఊరగాయను అమ్మకానికి పెడుతున్న ఈ కాలంలో ఆ షరతు వివరం తెలుగులో వారికి అందవలసి ఉంది.

9. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. తెలుగు నిల్వ పదజాలం ప్రక్రియను, ద్రవ్యాన్ని, కాలాన్ని పేర్కొంటుంది, పాత్రను పేర్కొనదు. ఇది నిల్వభారం పదార్థంమీద ఉన్న పద్ధతికి భాష ఇస్తున్న సాక్ష్యం.

2. గాలి చొరబడే వాసెనతో నిలిచిన ఊరగాయ, గాజుసీసాను ఏ ఇబ్బందీ లేకుండా స్వీకరించింది. ఖాళీ సీసా సురక్షితమన్న నమ్మకం ఈ అనుభవంలో పుట్టింది. ఆ నమ్మకం ఊరగాయకు సరైనది.

3. వేడితో, గాలిలేని మూతతో చేసే నిల్వలో సీసా గాజు, మూతి అంచు, కొత్తమూత, ఆమ్లత, సమయం, ఊరి ఎత్తు ఇవన్నీ నిర్ణాయకాలు. పాత నమ్మకం ఇక్కడ ఆధారం కాజాలదు.

4. టమాటా పచ్చడిలోని చింతపండు, టమాటా సీసాలోని నిమ్మ ఉప్పు ఒకే అవసరానికి రెండు సమాధానాలు. ఆంధ్ర గృహిణి జ్ఞానాన్ని శాస్త్రబద్ధంగా కొలిచే అధ్యయనాలకు ఇది మంచి ప్రారంభస్థానం.

పలమనేరులో ధర పడిన టమాటా బుట్ట ఒక ఇంటికి చేరి, అలమరలో కడిగి బోర్లించిన నాలుగు జాం సీసాలు ఉన్నప్పుడు, ఆ సీసాలలోకి పచ్చడి ఎత్తడానికి ఆ ఇంటికి అయిదువందల ఏళ్ళ అనుభవం తోడుంది. అవే సీసాలలో ఉత్త గుజ్జుపోసి మూత బిగించడానికి ఆ అనుభవం తోడురాదు. అందుకు వేరే సీసా, వేరే మూత, వేరే చదువు కావాలి. ఆ చదువును తెలుగులో, స్థానిక కొలతలతో, స్థానిక పదాలతో సిద్ధంచేయడం ఆహారశాస్త్రజ్ఞులు, భాషాధ్యయనకారులు కలిసి చేయవలసిన పని.